బిగువు సడలించే గోలీ

మందుల షాపులో ఇచ్చే కాగితపు సంచి మీద తరచూ ఒక మాట రాసి ఉంటుంది: 'రాత్రి పడుకునే ముందు ఒకటి'. ఎక్కడైనా ఇట్టే అర్థమయ్యే మాటే. భివండీలో మాత్రం అక్కడే చిక్కు మొదలవుతుంది. ఠాణే జిల్లాలోని ఈ మరమగ్గాల పట్టణంలో రాత్రంటే చాలామందికి పనివేళ. సాయంత్రం కారఖానాలోకి వెళ్లిన మనిషి పన్నెండు గంటలు నిలబడి పనిచేసి పొద్దున బయటికొస్తాడు. భిస్సీలో (కార్మికుల భోజనశాలలో) నాలుగు ముద్దలు తిని, పగటి షిఫ్టువాళ్లు ఖాళీ చేసిన గదిలో నడుం వాలుస్తాడు. ఆ మనిషి సంచి మీద రాసినట్టే రాత్రి గోలీ వేసుకున్నాడనుకోండి. అది ఒంటికి పట్టే వేళకు అతను పరుపు మీద ఉండడు, నడుస్తున్న సాంచాల (మరమగ్గాల) మధ్య ఉంటాడు.

ఆ గోలీ టామ్సులోసినో, ప్రాజోసినో, టెరాజోసినో అయితే ఇది చిన్న తేడా కాదు. వీటిని ఆల్ఫా బ్లాకర్లు అంటారు. మూత్రధార సన్నబడిన పెద్దవయసు మగవాళ్లకు డాక్టర్లు ముందుగా రాసే మందులివే. కొందరికి బీపీ కోసమూ ఇస్తారు. ఇదే కొంకణ్‌లో తేలు కుట్టిన పిల్లల ప్రాణాలు నిలబెట్టిన మందు కూడా వీటిలోదే. ఇంత మేలు చేసే గోలీకి మనిషిని నిలుచున్నచోటే కూలదోసే గుణమూ ఉంది. ఆ మేలు, ఈ కీడు రెండూ అది చేసే ఒకే ఒక్క పని నుంచి పుడతాయి.

భివండీతో తెలుగువాళ్ల బంధం పాతది. కరీంనగర్, నల్గొండ, వరంగల్, పాలమూరు ప్రాంతాల పద్మశాలీలు చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో సోలాపూర్‌కు, ముంబయికి, అక్కణ్నుంచి భివండీకి వలసవచ్చారు. ఇక్కడి పద్మనగర్ ఇప్పటికీ తెలుగు వినిపించే పేట. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ముంబయి మిల్లుల సమ్మె మొదలయ్యాక మిల్లుల నేతపని చాలావరకు భివండీ లాంటి మరమగ్గాల ఊళ్లకు మళ్లింది. ఆ రోజుల్లో ఇరవై ఏళ్ల వయసులో సాంచా దగ్గర నిలబడినవాళ్లు ఇవాళ అరవై దాటారు. పౌరుషగ్రంథి (ప్రొస్టేట్) బాధలు బయటపడే వయసు సరిగ్గా అదే. వాళ్లలో చాలామందికి ఈఎస్‌ఐ కార్డు లేదు, వెంటవచ్చే డాక్టరు లేడు. మందుల షాపువాడు చెప్పిందే చాలాసార్లు వైద్యసలహా. అందుకే ఈ గోలీ గురించి తెలుగులో వివరంగా చెప్పుకోవాల్సి ఉంది.

కండరం వింటున్న కబురు

పౌరుషగ్రంథి మూత్రాశయానికి దిగువన, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. యవ్వనంలో దాని బరువు దాదాపు 20 గ్రాములు. వయసుతో పెరుగుతుంది. అరవై ఏళ్ల మగవాళ్లలో సగం మందికి, ఎనభై దాటినవాళ్లలో పదిమందికి ఎనిమిది తొమ్మిదిమందికి ఈ పెరుగుదల కనిపిస్తుంది. ఇది క్యాన్సర్ కాదు. అయితే పెరిగిన గ్రంథి నాళాన్ని రెండు రకాలుగా నొక్కుతుంది. ఒకటి దాని పరిమాణం. రెండోది గ్రంథిలోనూ మూత్రాశయం మెడ దగ్గరా ఉండే మెత్తని కండరాల బిగువు. గ్రంథి చిన్నదే అయినా కొందరు గంటకోసారి లేచి తంటాలు పడటానికి, పెద్ద గ్రంథి ఉన్నా కొందరు హాయిగా నిద్రపోవడానికి కారణం ఈ రెండోదే.

ఆ కండరాలకు బిగుసుకొమ్మని కబురు మోసేది నోరాడ్రినలిన్ అనే రసాయనం. భయం, చలి, శ్రమ ఎదురైనప్పుడు నరాల చివర్ల నుంచి అది విడుదలవుతుంది. కండర కణాల మీద ఆల్ఫా-1 అనే గ్రాహకాలను పట్టుకుంటుంది. దాంతో కణంలో కాల్షియం పెరుగుతుంది, కండరం ముడుచుకుంటుంది. ఆల్ఫా బ్లాకరు ముందే వెళ్లి ఆ గ్రాహకాల మీద కూర్చుంటుంది. నోరాడ్రినలిన్ వచ్చినా దానికి చోటుండదు. కండరం సడలుతుంది, ధార తెరుచుకుంటుంది. గ్రంథి మాత్రం ఒక్క గ్రాము కూడా తగ్గదు. సాంచా నడిపినవాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది: పడుగు మరీ బిగిస్తే దారాలు తెగుతాయి, మరీ వదిలితే గుడ్డ సాగుతుంది. ఈ గోలీ చేసేది బీము దగ్గర బిగువు తగ్గించడమే, నూలు తగ్గించడం కాదు.

చిక్కేమిటంటే అవే గ్రాహకాలు రక్తనాళాల గోడల్లోనూ ఉన్నాయి. కంటిపాపను పెద్దది చేసే కండరంలోనూ ఉన్నాయి. గోలీ కడుపులోకి వెళ్లాక పౌరుషగ్రంథిని మాత్రమే వెతుక్కుంటూ పోదు.

ఈ సంగతులు తెలియడానికి అరశతాబ్దం పట్టింది. 1948లో అమెరికాలోని జార్జియాలో రేమండ్ ఆల్క్విస్ట్ శరీరంలో ఆల్ఫా, బీటా అని రెండు రకాల గ్రాహకాలున్నాయని ప్రతిపాదించాడు. ఆ వ్యాసాన్ని మొదట పంపిన పత్రిక తిప్పికొట్టింది, వేరే పత్రికలో అచ్చయింది. 1970లలో జెరూసలేం డాక్టరు మార్కో కేన్ పౌరుషగ్రంథి కండరాల్లో ఆల్ఫా గ్రాహకాలున్నాయని చూపించి, ఫినాక్సీబెంజమిన్ అనే మందుతో రోగులకు ధార మెరుగుపరిచాడు. కానీ అది అన్ని ఆల్ఫా గ్రాహకాలనూ మూసేసేది, రోగులు తట్టుకోలేకపోయేవారు. అదే కాలంలో బీపీ మందుగా ప్రాజోసిన్ వచ్చింది. తర్వాత టెరాజోసిన్, డాక్సజోసిన్. గ్రంథిలో ఎక్కువగా ఉండే గ్రాహకం ఆల్ఫా-1ఏ అనే ఉపజాతి అని తేలాక, దాని మీదే ఎక్కువ పనిచేసే టామ్సులోసిన్‌ను జపాన్ సంస్థ యమనూచి 1993లో మార్కెట్లోకి తెచ్చింది. ఇంకా గురిగా పనిచేసే సిలోడోసిన్ కూడా 2006లో జపాన్ నుంచే వచ్చింది. గురి పెరిగేకొద్దీ బీపీ పడిపోవడం తగ్గింది. పూర్తిగా పోలేదు.

మహాడ్ డాక్టరు, ఎర్ర తేలు

ఈ మందుల కథలో అత్యంత గొప్ప అధ్యాయం ఏ పెద్ద ప్రయోగశాలలోనూ జరగలేదు. భివండీ ఉన్న కొంకణ్ ప్రాంతంలోనే, ముంబయి-గోవా రహదారి మీది మహాడ్ దగ్గర జరిగింది.

జాల్నా జిల్లా రైతుకుటుంబంలో పుట్టి నాగపూర్‌లో వైద్యం చదివిన హిమ్మత్‌రావు బావస్కర్ 1976లో రాయగఢ్ జిల్లా బిర్వాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరారు. వరికోతల కాలంలో, వానలకు ముందూ తర్వాతా, తేలు కుట్టినవాళ్లను మోసుకొచ్చేవారు. మన ఊళ్లలో నల్లగా అరచేయంత ఉండే మండ్రగబ్బను చూసి హడలిపోతాం. అసలు ప్రాణాంతకమైనది చిన్నగా ఎర్రగా ఉండే తేలు. అది కుట్టిన పిల్లలు మొదట నొప్పితో కాక చెమటతో తడిసిపోతూ, వాంతులు చేసుకుంటూ, చేతులు కాళ్లు మంచుగడ్డల్లా చల్లబడి వచ్చేవారు. కొన్ని గంటల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి, నురగ కక్కుతూ చనిపోయేవారు. ఆసుపత్రికి వచ్చినవాళ్లలోనూ వందకు ముప్పైమంది దాకా దక్కని రోజులవి.

బావస్కర్ రాత్రుళ్లు మంచాల పక్కన కూర్చుని ఒక్కో రోగి నాడి, బీపీ, గుండె తీరు రాసుకున్నారు. ఏ లక్షణాలు కనిపిస్తే ప్రమాదం రాబోతోందో 1982లో లాన్సెట్ పత్రికకు రాశారు. విషం చేస్తున్నదేమిటో ఆ పరిశీలనలోనే తేలింది. ఎర్ర తేలు విషం నరాల్లోని సోడియం దారులను తెరిచి ఉంచుతుంది. నోరాడ్రినలిన్, అడ్రినలిన్ వరదలా పొంగుతాయి. ఒళ్లంతా రక్తనాళాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. ఆ బిగువుకు ఎదురుగా రక్తం తోయలేక గుండె చేతులెత్తేస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది.

బిగువే శత్రువైతే బిగువు సడలించే మందు కావాలి. ప్రాజోసిన్ అప్పటికి బీపీ గోలీగా బజార్లో ఉంది, చవకగా దొరికేది. 1980ల మధ్యలో బావస్కర్ దాన్ని తేలు కుట్టినవాళ్లకు నోటిద్వారా ఇవ్వడం మొదలుపెట్టారు. ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. ఐసీయూ లేని, వెంటిలేటర్ లేని పల్లె ఆసుపత్రిలో, ఒక మామూలు గోలీ మరణాలను 30 శాతం నుంచి 1 శాతం దగ్గరికి దించింది. డాక్టరు భార్య ప్రమోదిని బావస్కర్ కూడా ఈ పరిశోధనలో పాలుపంచుకున్నారు. ప్రాజోసిన్‌కు తోడు తేలువిషానికి విరుగుడు సీరం ఇస్తే కోలుకోవడం ఇంకా త్వరగా జరుగుతుందని ఇద్దరూ కలిసి 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపించారు. 2022లో హిమ్మత్‌రావుకు పద్మశ్రీ వచ్చింది.

ఆ చికిత్సలోని ఒక జాగ్రత్త భివండీ పాఠకుడికి సూటిగా పనికొస్తుంది. గోలీ ఇచ్చాక పిల్లాడిని తల్లి భుజాన వేసుకుని తిప్పకూడదు, పడుకోబెట్టే ఉంచాలి. బిగువు తగ్గిన రక్తనాళాలున్న ఒంటిని నిటారుగా ఎత్తితే రక్తం కిందికి జారి పిల్లాడు సొమ్మసిల్లవచ్చు. వట్టి నొప్పి తప్ప చెమట, వాంతులు, చల్లదనం లాంటివి లేకపోతే ప్రాజోసిన్ అక్కర్లేదు కూడా. కాబట్టి పొలం దగ్గర ఇంట్లో దాచుకుని ఇచ్చుకునే గోలీ కాదిది. ఎర్ర తేలు కుట్టిన పిల్లాడిని మంత్రం దగ్గరికి కాకుండా ఆసుపత్రికి తీసుకెళ్లడం, డాక్టరు పర్యవేక్షణలో గోలీ వేయించడం, వేయించాక పడుకోబెట్టడం, ఇదీ వరస. రాయలసీమలోనైనా పాలమూరులోనైనా ఇదే.

నిలబడితే ఏమవుతుంది

ఆరోగ్యంగా ఉన్న మనిషి పడక మీంచి లేచి నిలబడగానే అరలీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్ట కిందికి దిగుతుంది. క్షణాల్లో కాళ్ల రక్తనాళాలు బిగుసుకుని దాన్ని పైకి నెడతాయి. మనకు ఆ సంగతే తెలియదు. ఆ బిగింపు జరిగేది ఆల్ఫా-1 గ్రాహకాల ద్వారానే. వాటిని గోలీ మూసేసినప్పుడు బిగింపు ఆలస్యమవుతుంది. మెదడుకు రక్తం తగ్గి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఒక్కోసారి మనిషి విరుచుకు పడిపోతాడు.

ఇది ఎక్కువగా మొదటి గోలీతో జరుగుతుంది. ప్రాజోసిన్ వచ్చిన కొత్తలోనే, గోలీ వేసుకున్న అరగంట నుంచి గంటన్నరలోపు కొందరు స్పృహ తప్పడం డాక్టర్లు గమనించారు. మొదటి మోతాదు 2 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ ఇచ్చినవాళ్లలో దాదాపు నూటికొకరు అలా పడిపోయారు. అందుకే ప్రాజోసిన్, టెరాజోసిన్, డాక్సజోసిన్‌లను ఒక మిల్లీగ్రాముతోనో అంతకన్నా తక్కువతోనో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదటి గోలీ పడుకునే ముందే వేసుకోమంటారు. మోతాదు పెంచిన రోజున మళ్లీ అదే జాగ్రత్త. ఒంట్లో నీళ్లు తగ్గినవాళ్లు, మూత్రం ఎక్కువ పోయించే బీపీ గోలీలు వాడేవాళ్లు ఇంకా ముందు పడతారు.

ఇప్పుడు భివండీ కారఖానాను తలుచుకుందాం. రేకుల కప్పు కింద ఎండాకాలం ఉడుకు. పన్నెండు గంటలు నిలబడే పని. చెమటలో పోయిన నీటికి సరిపడా తాగే తీరిక లేదు. పక్కనే విసురుగా కొట్టుకునే నాడె, తిరిగే బెల్టు. ఇంట్లో కూర్చున్న మనిషికి కాసేపు తలతిప్పినట్టుండే సంగతి ఇక్కడ చేతివేళ్లకు ముప్పు. గది దగ్గర కూడా అంతే. ఉమ్మడి మరుగుదొడ్డికి నిటారు మెట్లు దిగి వెళ్లాల్సిన చాళ్లలో నిద్రమత్తులో లేచిన అరవై ఏళ్ల మనిషి పడితే తుంటి ఎముకే విరుగుతుంది.

కాబట్టి రాత్రి షిఫ్టువాళ్లకు 'పడుకునే ముందు' అంటే గడియారం చూపే రాత్రి కాదు, వాళ్లు నిజంగా పడుకునే వేళ. పొద్దున భిస్సీలో తిన్నాక నిద్రపోయేవాళ్లయితే అదే సరైన సమయం. మొదటి గోలీని సెలవు ముందు పడుకునేటప్పుడు మొదలుపెట్టడం మంచిది. మరుసటి రోజు సాంచా ముందు నిలబడక్కర్లేదు. పగలు-రాత్రి షిఫ్టులు మారే వారం ఒకే రోజులో రెండు గోలీలు పడకుండా చూసుకోవాలి. ఆ మార్పు ఎలా చేయాలో డాక్టరును ముందే అడిగి పెట్టుకోవాలి. మందు రాసే డాక్టరు కూడా 'ఏ షిఫ్టు?' అని అడగాలి. ఈ ఊళ్లో ఆ ఒక్క ప్రశ్న వేయని వైద్యం సగమే. నిద్రలేవగానే పక్క మీద ఒక నిమిషం కూర్చుని, కాలి మడమలు నాలుగుసార్లు ఆడించి, అప్పుడు లేవడం అందరికీ వర్తిస్తుంది. కళ్లు తిరిగితే నిలదొక్కుకోవాలని చూడకుండా ఉన్నచోటే కూర్చోవాలి, వీలైతే పడుకోవాలి.

ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రికి వెళ్లినా, వీధి చివర క్లినిక్కుకు వెళ్లినా ఒక పరీక్ష అడిగి చేయించుకోవచ్చు. పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూడటం. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ మనిషికి ఈ మందు మోతాదు మళ్లీ ఆలోచించాలి. దీనికి ఖర్చేమీ లేదు.

టామ్సులోసిన్ సంగతి కొంచెం వేరు. సాధారణ మోతాదు 0.4 మిల్లీగ్రాములు, మొదటిరోజు నుంచీ అదే. రోజూ ఒకే పూట భోజనం తర్వాత అరగంటకు వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే రక్తంలోకి చేరే మందు అమాంతం పెరుగుతుంది, కళ్లు తిరగడమూ పెరుగుతుంది. గుళిక విప్పి నమలకూడదు, పొడి చేయకూడదు. మందు మెల్లగా విడుదలయ్యేలా దాన్ని తయారు చేశారు. రంజాన్ ఉపవాసాలుండే తోటి కార్మికులు ఈ ఊళ్లో ఎందరో. వాళ్లు సాయంత్రం ఉపవాసం విడిచి తిన్న భోజనం తర్వాత వేసుకునేలా డాక్టరుతో మాట్లాడుకోవచ్చు.

జలుబు గోలీ, తామర గోలీ, ఇంకో గోలీ

కారఖానాలో నూలు దుమ్ము. దగ్గు, ముక్కు కారడం నిత్యం. పది రూపాయలకు జలుబు గోలీ దొరుకుతుంది. దాంట్లో ఫినైలెఫ్రిన్ ఉంటే అది ఆల్ఫా గ్రాహకాలను ప్రేరేపించే మందు. టామ్సులోసిన్ సడలించిన కండరాన్నే అది బిగిస్తుంది. తోడుగా ఉండే క్లోర్‌ఫెనిరమైన్ మూత్రాశయాన్ని మందకొడిగా చేస్తుంది. పౌరుషగ్రంథి పెరిగిన మనిషికి ఒక్క రాత్రిలో మూత్రం పూర్తిగా ఆగిపోవడానికి ఈ జోడీ చాలు. అలా ఆగినప్పుడు పొత్తికడుపు ఉబ్బి, నొప్పికి నిలవలేరు. అప్పుడు ఇంకో టామ్సులోసిన్ మింగి చూద్దామనుకోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి గొట్టం వేయించుకోవాలి. గొట్టం ఉంచిన రెండుమూడు రోజులూ ఆల్ఫా బ్లాకరు ఇచ్చి తర్వాత తీస్తే చాలామందికి మూత్రం తనంతట తానే వస్తుంది.

చెమటలో నానే ఒంటికి తామర పట్టడం ఇంకో మామూలు సంగతి. దానికి ఇట్రాకొనజోల్ గుళికలు వారాల తరబడి వాడతారు. కాలేయంలో ఆల్ఫా బ్లాకర్లను విరగ్గొట్టే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. సిలోడోసిన్, అదే కోవలోని అల్ఫుజోసిన్ వాడేవాళ్లు దీన్ని అసలు కలపకూడదు. టామ్సులోసిన్ వాడేవాళ్లు కూడా చర్మం డాక్టరుకు ముందే చెప్పాలి. చెప్పకపోతే అదే గోలీ రెండింతల మందులా పనిచేస్తుంది.

మూడోది ఎవరూ నోరు విప్పి చెప్పనిది. సిల్డెనాఫిల్ లాంటి మగతనం గోలీలు. అవీ రక్తనాళాలను సడలించేవే. రెండూ కలిస్తే బీపీ దబ్బున పడుతుంది. ఆల్ఫా బ్లాకరు ఒంటికి అలవాటై నిలకడగా ఉన్నాక, డాక్టరుకు చెప్పి, అతి తక్కువ మోతాదుతో వాడుకోవచ్చు. దొంగచాటుగా వాడితేనే ప్రమాదం. సంసారం సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట: ఈ మందులతో, ముఖ్యంగా సిలోడోసిన్‌తో, వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్లడమో, రావడం బాగా తగ్గడమో ఉంటుంది. హానికరం కాదు, మందు ఆపితే పోతుంది. ముందే చెప్పకపోవడం వల్ల ఎందరో భయపడి గోలీ మానేస్తారు.

కంటి సంగతి ఇంత తేలిగ్గా తీసుకోకూడదు. 2005లో కాలిఫోర్నియా కంటి సర్జన్లు డేవిడ్ చాంగ్, జాన్ క్యాంప్‌బెల్ ఒక విచిత్రం రాశారు. టామ్సులోసిన్ వాడుతున్నవాళ్లకు శుక్లం తీస్తుంటే కనుపాప చుట్టూ ఉండే రంగుపొర మెత్తబడి అలలా ఊగుతోంది, కోత దగ్గరికి జారుతోంది, పాప చిన్నదైపోతోంది. కారణం ఆ పొర కండరంలోని ఆల్ఫా-1ఏ గ్రాహకాలే. మందు ఆపి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచినా ఈ ప్రభావం ఉండవచ్చు. కాబట్టి ఆపరేషన్ ముందు గోలీ మానేస్తే సరిపోదు. కానీ సర్జన్‌కు ముందే తెలిస్తే చిన్న కొక్కేలు, ఉంగరాలు, కంట్లో వేసే మందు సిద్ధం చేసుకుంటారు, ఆపరేషన్ బాగానే జరుగుతుంది. భివండీ తెలుగువాళ్లు చాలామంది ఊరెళ్లినప్పుడు కంటి శిబిరంలో చూపించుకుంటారు. మందుల చీటీ మాత్రం భివండీ గదిలో ఉండిపోతుంది. 'ప్రొస్టేట్ గోలీ వాడుతున్నా' అన్న ముక్క చీటీ లేకపోయినా చెప్పవచ్చు. ఎప్పుడో వాడి మానేసినా చెప్పాలి. శుక్లం ఆపరేషన్ ఖాయమైందనుకుంటే, కొత్తగా టామ్సులోసిన్ మొదలుపెట్టడం ఆపరేషన్ అయ్యేదాకా ఆపవచ్చేమో కూడా అడగవచ్చు.

ఒకే గోలీతో రెండు రోగాలా

బీపీ, ప్రొస్టేట్ రెండూ ఉన్నవాళ్లకు ఒకే గోలీతో పని జరిగిపోతుందన్న ఆశ సహజం. నలభై రెండు వేలమందికి పైగా పాల్గొన్న అమెరికా అధ్యయనం ఆల్‌హ్యాట్ ఆ ఆశకు 2000లో గండి కొట్టింది. డాక్సజోసిన్ వాడినవాళ్లలో గుండె వైఫల్యం క్లోర్‌థాలిడోన్ అనే పాత మందు వాడినవాళ్లకన్నా దాదాపు రెట్టింపు కనిపించడంతో ఆ విభాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అప్పటి నుంచి బీపీకి ముందుగా ఇచ్చే మందుల్లో ఆల్ఫా బ్లాకర్లు లేవు. మిగతా మందులతో లొంగని బీపీకి, కిడ్నీ జబ్బున్నవాళ్లకు ప్రాజోసిన్‌ను అదనంగా కలుపుతారు. కాబట్టి ధార కోసం ఇచ్చిన గోలీని చూసి బీపీ గోలీ మానేయకూడదు. బీపీకి ప్రాజోసిన్ వాడే ఆడవాళ్లకు దగ్గితే, తుమ్మితే మూత్రం చుక్కలు పడటం మొదలైతే అది గోలీ వల్ల కావచ్చు. సిగ్గుపడి దాచుకునే ఈ ఇబ్బంది మందు మారిస్తే పోతుంది.

గ్రంథి బాగా పెరిగినవాళ్లకు ఆల్ఫా బ్లాకరుతో పాటు దాన్ని కుదించే ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ ఇస్తారు. 3,047 మంది మీద జరిగి 2003లో వెలువడిన అధ్యయనంలో జబ్బు ముదరడం డాక్సజోసిన్ ఒక్కదానితో 39 శాతం, ఫినాస్టెరైడ్ ఒక్కదానితో 34 శాతం తగ్గితే, రెండూ కలిపితే 66 శాతం తగ్గింది. ఆల్ఫా బ్లాకరు గుణం కొద్ది రోజుల్లో తెలుస్తుంది, కుదించే మందుకు ఆరు నెలలు పడుతుంది. ఈ కుదించే మందులు పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష అంకెను దాదాపు సగానికి దించుతాయి. ఆ సంగతి చెప్పకుండా రక్తపరీక్ష చేయిస్తే క్యాన్సర్ అనుమానం కప్పబడిపోవచ్చు. ఇంట్లో గర్భిణి ఉంటే పగిలిన డ్యుటాస్టెరైడ్ గుళిక ఆమె చేతికి తగలకూడదు, కడుపులో మగబిడ్డకు హాని.

అన్నిటికన్నా ముందు, మాటిమాటికీ లేవడం అంతా ప్రొస్టేటే అనుకోకూడదు. షుగరు, మూత్రంలో ఇన్ఫెక్షను, రాయి, ఇవీ అలాగే లేపుతాయి. మూత్రంలో రక్తం కనిపిస్తే గోలీతో సరిపెట్టుకోకుండా క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. ఉడుకులో పనిచేసేవాళ్లకు మూత్రనాళంలో రాళ్లు ఎక్కువ. రాయి కిందికి జారడానికి టామ్సులోసిన్ ఇవ్వడం వాడుకలో ఉంది. కానీ 2015లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో మందు లేని వట్టి గోలీకన్నా అది మేలేమీ చేయలేదని తేలింది. నాళం చివరి భాగంలో ఇరుక్కున్న కాస్త పెద్ద రాళ్లకే డాక్టర్లు ఇప్పుడు దీన్ని ఎక్కువగా ఆలోచిస్తున్నారు.

చివరిగా దసరా ప్రయాణం సంగతి. బతుకమ్మకు ఊరెళ్తారు, గోలీల పట్టీ మరిచిపోతారు, వారం పది రోజులకు తిరిగొచ్చి ఎక్కడ ఆపారో అక్కడి నుంచే వేసుకుంటారు. ప్రాజోసిన్, టెరాజోసిన్, డాక్సజోసిన్‌లలో ఇది పనికిరాదు. కొన్ని రోజులు ఆగితే ఒళ్లు మళ్లీ కొత్తదే, పెద్ద మోతాదు మళ్లీ మొదటి గోలీలా దెబ్బతీస్తుంది. డాక్టరును అడిగి, చిన్న మోతాదుతో, పడుకునే ముందు మళ్లీ మొదలుపెట్టాలి. టామ్సులోసిన్ రెండు గుళికలు వేసుకునేవాళ్లు కూడా ఒక్కదానితోనే మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్క పూట మరిచిపోతే మాత్రం దాన్ని వదిలేసి మరుసటి పూట మామూలుగా వేసుకోవడమే, రెండు కలిపి మింగకూడదు. ఊరి ప్రయాణానికి బట్టలు సర్దేటప్పుడు గోలీల పట్టీతో పాటు మందుల చీటీని కూడా సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే సిరిసిల్లలో డాక్టరుకైనా, కంటి శిబిరంలో సర్జన్‌కైనా చూపించవచ్చు.